ఇరవై ఏడో నంబరు

శుక్రవారం పొద్దున్న
గుదైబియాలో షట్టర్లు ఇంకా లేవవు.
రాత్రే పట్టి ఉంచిన బకెట్టు నీళ్ళు
ఇప్పటికి ఒంటికి ఓర్చేంత చల్లబడి ఉంటాయి.
స్నానం చేసి,
కింద కుంజుమోన్ కోల్డ్ స్టోర్ నుంచి కరక్ చాయ్ తెచ్చుకుని
పాత డ్రాయింగ్ పుస్తకం తీస్తాను.

వెనక అట్ట లోపల మా క్లాసు ఉంది.
మెకానికల్, ఫైనలియర్, నలభై రెండు మంది.
ఒక్కొక్కడికి మూడేసి నంబర్లు, కొట్టివేతలు.
జోజిబాబుకి ఫోను లేదు,
వాళ్ళ చెల్లెలి పక్కింటివాళ్ళది ఉంది.
కొన్ని పేర్ల పక్కన ఇప్పుడు భార్యల పేర్లు,
ఇద్దరి పక్కన కోడళ్ళవి.
మస్తాన్ వలీ పోయి నాలుగేళ్ళు.
వాడి నంబరు మనవరాలి దగ్గరుంది.
"దాదా, లెక్కల్లో తప్పాను, ఇంట్లో చెప్పొద్దు" అంటుంది.
చెప్పాలంటే వలీకే చెప్పాలి.

అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటలు.
నేను పళ్ళు తోముకునేసరికి
వాళ్ళు బీపీ బిళ్ళ వేసుకుని ఉంటారు.
ఎప్పుడు చూసినా నాకంటే
రెండున్నర గంటలు ముందే ముసలివాళ్ళవుతున్నారు.

ఒకప్పుడు దీనారు కార్డు గీకి
నిమిషాలు వేళ్ళ మీద లెక్కపెట్టి మాట్లాడేవాణ్ణి.
"మా బావమరిదికి ఓ వీసా చూడరా" అనేలోపే
లైను కట్టయ్యేది. అదీ ఒకందుకు మంచిదే.
ఇప్పుడు మాటకి ఖర్చు లేదు.
క్రియాటినిన్ ఎంతొచ్చిందని
మార్కులడిగినట్టే అడుగుతాం.
ఎక్కువొచ్చినవాడు ఫెయిలు.

తవిటినాయుడిది ఇరవై ఏడు. నాది ఇరవై ఎనిమిది.
పాస్‌పోర్టు కాగితాల కోసం
నేను హైదరాబాదులో తిరిగిన నాలుగు రోజులూ
వాడు ఒకసారి తన గొంతుతో,
ఒకసారి ముక్కుతో
"ప్రెజెంట్ సార్" అన్నాడు.
ఈ ఉప్పుగాలిలో ముప్పై తొమ్మిదేళ్ళ నా జీతం
ఆ నాలుగు హాజర్ల మీద నిలబడి ఉంది.

మార్చిలో వాడికి పక్షవాతం.
కుడి చెయ్యీ మాటా ఒకేసారి పోయాయి.
వరహాలమ్మ ఫోను తెచ్చి
మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి పెడుతుంది.
సగం నుదురు, ఫ్యాను, పోయిన నెల క్యాలెండరు.
నేను మాట్లాడతాను.
డ్రైడాక్‌లో ఓడ అడుగున గీకి తీసిన గుల్లల గురించి,
నా కొడుకు వయసున్న కొత్త ఫోర్‌మన్ గురించి,
అరవై దాటాక ఏటేటా
వీసా స్టాంపు కోసం ఎక్స్‌రే ముందు
ఊపిరి బిగపట్టడం గురించి.
వాడి కన్ను వింటుంది.
చెప్పాల్సింది అయిపోతుంది.
దుమ్ముగాలి వచ్చి కిటికీలో ఏసీని తడుతుంది.

ఈ శుక్రవారం ఏం తోచక
అట్ట మీద పేర్లు చదవడం మొదలుపెట్టాను,
థర్మల్ మేష్టారి గొంతుతో, నశ్యం పట్టిన గొంతు అది.
నంబరు వన్. నంబరు టూ.
పోయినవాళ్ళ దగ్గర కూడా ఆగాను,
ఆయన ఆగినంతసేపే, ఎక్కువ కాదు.

ఇరవై ఏడు.

ఫోనులో ఫ్యాను తిరుగుతోంది.
వాడి పెదవి ఎడమవైపుకి వెళ్ళి
ఏమీ తేకుండా తిరిగొచ్చింది.
అప్పుడు నేను, ముక్కుతో,
"ప్రెజెంట్ సార్" అన్నాను.

గ్లాసు పడినట్టుంది.
తెర నిండా వరహాలమ్మ చీర కొంగు,
కాసేపు అంతా నీలం.
నవ్వుతోందో ఏడుస్తోందో
ఆ నీలంలోంచి తెలియలేదు.
"మళ్ళీ అనండి అన్నయ్యగారూ,
ఈయన చెయ్యి కదిపారు" అంది.

ఏ చెయ్యో నేనడగలేదు.
మళ్ళీ అన్నాను.
చాయ్ మీద మీగడ కట్టింది.
ఇరవై ఎనిమిది ఇంకా పిలవలేదు.